కుట్టు కూలి వేరే

లేదన్నా, బ్లౌజు కుట్టిస్తలేను.

నిన్న నాణేల గ్రూపుల నువ్వే అడిగినవ్. "నాణెం ముప్పై రూపాయలు. పోస్టు ఖర్చు వేరే. మల్ల కింద కుట్టు కూలి వేరే. ఏం కుట్టిస్తున్నవ్ తమ్మీ, బ్లౌజా?" అని. దాని కింద మస్తుమంది నవ్విండ్రు. నేను జవాబియ్యలే. నిన్న నేను జవాబిచ్చే తీరుల లేను. ఆ కుట్టు కుట్టేది మా పెద్దవ్వ, మా అవ్వకు సొంత అక్క. పోయిన సోమవారం పొద్దుగాల చాయ తాగి, గిలాస కడిగి బోర్లిచ్చి, మంచం మీద కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. ఆటో వచ్చేలోపే పానం వోయింది. మంగళారం నస్పూర్ల మట్టి ఇచ్చినం.

ఎవలో నీకు చెప్పినట్టున్నరు, పొద్దుమీకి నువ్వే ఫోన్ చేసినవ్. తెల్వక అన్న తమ్మీ, మనసుల పెట్టుకోకు అన్నవ్. పెట్టుకోలే. గని ఫోన్ పెట్టే ముందు ఇంకో మాట అన్నవ్. "ఇగ కుట్టేటామె లేదు గద. ఆ లైను తీసెయ్. అందరి లెక్క ఫ్రీ పోస్టేజ్ అని పెట్టుకో, నీ దందా నడుస్తది." నువ్వు నా మంచికే చెప్పినవ్, నాకు ఎరుకే. అప్పటికెల్లి గదే తిరుగుతుంది తలకాయల, ఆ లైను తియ్యాల్నా, ఉంచాల్నా అని. నీ ఒక్కనికి చెప్తే గాదు, అందరికీ చెప్త. పాత పైసలు, ఆణాలు, నిజాం రూపాయలు కొనేటోళ్లు మీల ఎంతోమంది ఇండ్లల్లకు ఆమె కుట్టిన గుడ్డ వచ్చింది. ఆమె మొఖం మీరు సూడలే. ఎవలు కుట్టిండ్రో మీకు తెల్వాలె.

మా పెద్దబాపు బొగ్గుబాయిల పని చేసేటోడు. దమ్ము ఎక్కువై నేను చిన్నగున్నప్పుడే పోయిండు. పెద్దవ్వ ఇంట్ల కూసోలే. మంచిర్యాల పోస్టాఫీసు వసారాల ఒక మూలకు గోనెసంచి పరుచుకున్నది. తెల్ల గుడ్డ, దబ్బనం, మైనం రాసిన దారం, లక్క, ఒక కొవ్వొత్తి. ఆమె దుక్నం గంతే. పార్సిలు తెచ్చినోళ్లకు గుడ్డ ఏసి కుట్టి, కుట్టు మీద లక్క కరగబోసి ముద్ర కొట్టి ఇచ్చేది. బిడ్డకు మామిడి తొక్కు పంపేటోళ్లు, మిలటరీల ఉన్న కొడుకుకు సకినాలు పంపేటోళ్లు, అందరు ఆమె ముంగట కూసోని ఇంటి ముచ్చట్లు చెప్పేటోళ్లు. ఆమె ఊఁ కొట్టుకుంట కుట్టేది. దినాం తొమ్మిదింటికి షేరింగ్ ఆటోల పోవుడు, పోస్టాఫీసు బందయినంక వచ్చుడు. ఆదివారం ఒక్కటే చుట్టీ, ఆ దినం చర్చికి.

చదువు రాదు ఆమెకు. అయినా ఆమె చేతికెల్లి తప్పు అడ్రసు పోకపోయేది. గుడ్డ మీద వేరేటోళ్లు అడ్రసు రాసినంక ఆఖరి గీతల ఆరు అంకెలున్నయా లేవా అని వేలు పెట్టి లెక్కపెట్టేది. ఐదే ఉంటే కౌంటరు దిక్కు పోనియ్యకపోయేది. "ఒకటి తప్పిపోయింది, ఎతుక్కొని రాపో" అనేది, మేకపిల్ల తప్పిపోయినట్టు. కుట్టుడు అయినంక పార్సిలు చెవి కాడ పెట్టి ఊపేది. లోపల చప్పుడైందా, ఇగ అంతే. ఎంత కుట్టినా మొత్తం ఇప్పేది. మల్ల మొదటికెల్లి. అవతలోళ్లు బస్సుకు టైం అయితుందని ఎంత మొత్తుకున్నా ఇనకపోయేది. "కదిలేది దారి ఎతుక్కుంటది" అనేది. నా దిక్కు సూసి గూడ ఆ మాట అంటుండె.

అనదా మరి. నేను తొమ్మిదిల బడి ఇడిశినోన్ని. నీళ్ల ప్లాంటుల చేసిన, మొబైల్ షాపుల చేసిన, ట్రాక్టర్ నడిపిన. యాడ గూడ రెండు నెలలు దాటలే. ఆఖరికి ఒక పాత సామాను దుక్నంల ఇత్తడి గిన్నెల కింద సంచెడు రాగి పైసలు దొరికినయి. తూకానికి కొనుకొచ్చిన. ఫోన్ల ఫోటోలు తీసి పెడితే కొన్నరు. నాకే నమ్మబుద్ది కాలే. అవ్వ అయితే తుప్పు పైసలు ఎవలు కొంటరురా, పోలీసులు వస్తరేమో సూసుకో అన్నది. పెద్దవ్వ మాత్రం పార్సిళ్లు తే, కుడత అన్నది.

కుట్టుడే గాదు, ఒకసారి సాయం గూడ చేసింది. నేను బయటికి పోయిన దినం నా డబ్బల ఉన్న రాగి పైసలన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమి, ఎండకు ఆరబెట్టింది. నేనొచ్చేసరికి గచ్చు మీద కొత్త ఇత్తడి లెక్క మెరుస్తున్నయి. మీకు ఎరుకే గద, తోమిన నాణెం ముట్టుకునేటోడు ఉండడు. పాత రంగు పోయిందంటే దాని ఇలువ పాయె. నేను అరిశిన. చానా అరిశిన. ఆమె చేతులు తుడుసుకుంట, "గలీజుగ ఉంటె ఎవలు కొంటరు కొడుకా?" అన్నది. చిన్నప్పటికెల్లి చర్చి పళ్లాలు తోమిన చెయ్యి అది.

ఇగ ఫ్రీ సంగతి. పక్కోడు ఫ్రీ పోస్టేజ్ అని పెట్టంగనే వాని దగ్గర కొంటున్నరు, నా దగ్గర కొంటలేరు. నేను గూడ పెట్టిన. పెద్దవ్వ అడిగింది, పోస్టోళ్లు ఊకెనే తీస్కపోతరా అని. లేదు, నేను కడత అన్న. నువ్వెక్కడికెల్లి కడతవు అన్నది. నాణెం ధరల కలుపుత అన్న. మరి ఫ్రీ ఎట్లాయె అన్నది. వ్యాపారం పెద్దవ్వా, నీకు సమజ్ గాదు అని నవ్విన.

పెద్ద నాణేలకు నడిచింది. ఎండి రూపాయి అమ్మితే దాంట్ల పోస్టు ఖర్చు కనవడదు. ముప్పై రూపాయల పైసకు ఎట్ల నడుస్తది? నంబరు ఉండే పోస్టుల పంపితే నాణెం కంటె పోస్టుకే ఎక్కువైతది. గందుకని చిన్నయన్నీ కాయితం కవర్ల ఏసి, టికెట్లు అతికి, పోస్టు డబ్బల పడేసుడు మొదలు పెట్టిన. నంబరు లేదు, గుడ్డ లేదు, కుట్టు లేదు. పెద్దవ్వకు చెప్పలే. చెప్తే కుడత అంటది, పొద్దువోతది.

ఒక దినం ఆదిలాబాద్‌కెల్లి ఒక పెద్దమనిషి ఫోన్ చేసింది. మాటల మరాఠీ కలుస్తది ఆమెకు. నడుమ బొక్క ఉండే రాగి పైస నా దగ్గర కొన్నది, మనుమని మొలతాడుకు కట్టనీకి. ఇరువై ఒక్కటో దినం తొట్టెల్ల ఏస్తరు గద, అప్పటికి కావాలెనట. ఫోన్ స్పీకర్ల ఉంది, పెద్దవ్వ పక్కన్నే చిక్కుడుకాయ తుంచుతుంది.

"కవరు వచ్చింది బాబా. పైస రాలే. మూలకు కోసినట్టున్నది."

నేను పరేషాన్ అయిన. పోస్టోళ్ల తప్పు గాదు అది. నాణెం అంచు కాయితాన్ని కోసింది, యాడనో జారింది. ఇంకోటి పంపుత అన్న. ఎల్లుండే తొట్టెల, ఇంకెప్పుడొస్తది బాబా అన్నది. కోపం గూడ చెయ్యలే. ముప్పై రూపాయలే గద, పోతే పోయినయి తీ అని పెట్టేసింది.

నేను నిమ్మళమైన. తిట్టలే, పైసలు వాపస్ అడగలే అని. పెద్దవ్వ చిక్కుడుకాయ పక్కకు పెట్టింది.

"పోతే పోయినయి అన్నది ఇన్నవా? పైసలను గాదురా అన్నది. నిన్ను అన్నది."

తెల్లారి మొదటి బస్సుకు ఇద్దరం ఎక్కినం. నేను ఒక్కన్నే పోత అన్న. నువ్వు నడుమల దిగి యాడికో పోతవు, నీ మీద నాకు నమ్మకం లేదు అని దబ్బనం, దారం సంచిల ఏసుకొని కూసున్నది. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద. కండక్టర్ సున్న టికెట్ కొట్టి ఆమె చేతుల పెట్టిండు. ఆమె దాన్ని అటు ఇటు తిప్పి సూసింది.

"గిది ఎవలు కడుతున్నరు కొడుకా?"

సర్కారు అన్న. సర్కారుకు ఎవలిస్తరు అన్నది. మనమే అన్న. లక్సెట్టిపేట దాటినంక మల్ల అడిగింది.

"మరి నీ ఫ్రీకి ఎవలు కడుతున్నరు?"

నేనే అన్న.

"నువ్వు గాదు. నేను. నాలుగు నెలలాయె నీ పార్సిళ్లు ఊకెనే కుట్టవట్టి. నిన్ను అడగ, నువ్వు నా బిడ్డవు. గని కుట్టేది నేనైతే, ఊరోళ్లకు ఫ్రీ అని నువ్వు చెప్పుకునుడు ఏందిరా? ఫ్రీ అన్న కాడ ఎవలదో రెక్కల కష్టం దాశిపెట్టి ఉంటది."

కోపంగ అనలే. సీటు మీద దుమ్ము దులిపినట్టు అన్నది. అన్నా, నేను అబద్ధం ఆడుతున్న అని నాకు అప్పటిదాక తెల్వదు. అమ్మే ధర నాదే, పంపే ఖర్చు నాదే, ఇంక అబద్ధం యాడిది అనుకున్న. ఆమె చేతులను నేను లెక్కల్నే ఏసుకోలే.

నిర్మల్ల బస్సు మారినం. టైం ఉందని బొమ్మల దుక్నం ముంగట ఆగింది. నేను ఆ తొట్టెల పిల్లగానికి బొమ్మ కొంటదేమో అనుకున్న. ఆమె దుక్నపోన్ని పట్టుకొని గీ కట్టె పండ్లు దూరం పంపితే రంగు పోకుండ ఎట్ల కడతరని అడిగింది. అతను కాయితం ముక్కలు కుక్కుతం అన్నడు. నడుమ గుడ్డ పెట్టకుంటే రాసుకుంటది గద అన్నది. రాసుకోదమ్మా అన్నడు. ఊపి సూపియ్యమన్నది. బస్సు హారన్ కొట్టేదాక గదే కొట్లాట. ఎక్కినంక, వాడు ఊపలే సూసినవా అని నవ్వింది.

నేను బస్సుల అడిగిన, మనది చర్చి ఇల్లు, దిష్టికి పైసలు కట్టం గద, నీకేం అనిపిస్తలేదా అని. "ఆళ్ల నమ్మకం ఆళ్లది. ఇస్తం అన్నది ఇచ్చుడు మనది" అన్నది.

ఆ ఇల్లు దొరికేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. కోడలు తలుపు తీసి మా దిక్కు అనుమానంగ సూసింది. ముప్పై రూపాయల పైస కోసం మంచిర్యాలకెల్లి ఎవలస్తరు? పెద్దవ్వ కడప అవతల్నే నిలవడి చెప్పింది. "అమ్మా, నేను పోస్టాఫీసు కాడ పార్సిళ్లు కుట్టేదాన్ని. మీ పైస గీ పోరడు కాయితంల పెట్టి పంపిండు. అది తప్పు. నేను కుట్టాల్సి ఉండె, కుట్టలే. గందుకే చేతికి ఇయ్యనీకి వచ్చినం."

అన్నా, నేను కవర్ల సంగతి దాశిన అని ఆమెకు ఎరుకే. అయినా తప్పుల సగం ఆమె మీదేసుకున్నది. పరాయి వాకిట్ల, పరాయి మనుషుల ముంగట. నేను తలకాయ ఎత్తలేకపోయిన. గని అబద్ధం చెప్ప, నాకు లోపల మస్తు గర్వమైంది. మా పెద్దవ్వ గిసొంటిది అని ఆ వాడకట్టు మొత్తం ఇనపడేటట్టు చెప్పాలనిపిచ్చింది.

నేను తెచ్చిన పైస ఆమె తోమిన దాంట్లదే. మీరెవలు కొనరు దాన్ని. ఆ పెద్దమనిషి దాన్ని ఎండకు పట్టి సూసి, "బంగారం లెక్కున్నది" అని కోడలుకు సూపిచ్చింది. మాఝా నాతూ, మాఝా నాతూ అనుకుంట పిల్లగాన్ని తెచ్చి పెద్దవ్వ ఒడిల ఏసింది, నా మనుమడు, నా మనుమడు అని. పెద్దవ్వ నల్ల దారం మూడు పేటలు పేని, పైసకు ఎక్కిచ్చి ముడేసింది. పార్సిలుకు అయితే ముడి లోపటికి పోవాలె అంటది ఎప్పుడు. పిల్లగానికి మాత్రం బయటికి ఏసింది, ఒంటికి ఒత్తుకుంటదని. కట్టినంక పిల్లగాన్ని జర ఎత్తి, చెవి కాడికి తెచ్చి ఊపినట్టు చేసింది. అందరు నవ్విండ్రు. జొన్నరొట్టె, పప్పు పెట్టి గని పంపలే మమ్ముల. ఆ పెద్దమనిషి అప్పటికెల్లి మా దగ్గర పదకొండు పైసలు కొన్నది, చుట్టాల పిల్లలకు. ఒక్కసారి గూడ ధర అడగలే.

ఇంటికొచ్చినంక పెద్దవ్వ కూలి ఎంతని అడిగిన. వసారాల అందరికి ఎంతో నీకు గంతే అన్నది. ఆ దినమే ఫ్రీ అన్న మాట తీసేసి, పోస్టు ఖర్చు వేరే, కుట్టు కూలి వేరే అని పెట్టిన. నెల దినాలు ఒక్కడు కొంటే ఒట్టు. నాకు భయమైంది, గిది గూడ ఇడిశి వేరే పని సూసుకోవాలె అనుకున్న. ఆమె మాత్రం పొద్దున పొద్దున ఇయ్యాల ఏమన్న ఉన్నయా అని అడుగుడు, లేవంటే సరే అని పోవుడు. నేను ఫస్టుసారి ఒక పని ఇడిశిపెట్టకుండ ఆగిన, ఎందుకంటే పొద్దున ఆమె అడుగుతది.

నెల తర్వాత ఆర్డర్లు మల్ల వచ్చినయి. పాతోళ్లే, కొత్తోళ్లను తోలుకొచ్చిండ్రు. ఒక రిటైర్డ్ సారు రాసిండు, మీ పార్సిలు కత్తెరతోని కొయ్యను బాబూ, కుట్టు ఒక్కొక్కటి ఇప్పుత అని. ఇంకొకాయన ఆ గుడ్డ ఉతికి నాణేల కిందనే పరుస్తుండట. నేను ఆమెకు చదివి ఇనిపిచ్చిన. "గుడ్డ సంగతి ఎందుకు, లోపట పైస సక్కగున్నదా అడుగు" అన్నది. గని ఆ దినం నాకు గుడ్డు పొరటు చేసి పెట్టింది.

మీల ఇంకొంతమందికి ముద్ర యాదికుంటది. లక్క మీద రూపాయి బిళ్లతోని ముద్ర పోస్టోళ్లు కొట్టనియ్యరు, అది అందరి జేబులల్ల ఉంటది గావట్టి. పెద్దబాపు బాయిల దిగేటప్పటి ఇత్తడి బిళ్ల ఉండె, నంబరు కొట్టింది, పెద్దవ్వ దాంతోనే కొట్టేది. మీల ముగ్గురు నన్ను అడిగిండ్రు, ఆ బిళ్ల ఎంతకిస్తవని. ఒకాయన అయితే ఎండి రూపాయి ధర చెప్పిండు. ఆమెతోని అన్న. అమ్ముదాం, మల్ల దేంతోని ముద్ర కొట్టాలెనో గదీ ఆయిన్నే అడుగు అన్నది.

ఏడాదిన్నర కుట్టింది నాకు. ఆమె కుట్టింది ఒక్కటి గూడ దారిల పోలే. ఒక్కటంటే ఒక్కటి. అది నేను చెప్పుకునే మాట గాదు, మీరందరు సాక్షం.

గిది నేను వసారాల, ఆమె గోనెసంచి మీద కూసోనే ఫోన్ల రాస్తున్న. ఆమె పోయేటప్పటికి మూడు ఆర్డర్లు మిగిలి ఉండె. ఆమె కుట్టిన పాత గుడ్డ ఒకటి ఇప్పుకుంట ఇప్పుకుంట సూసిన, దారం ఎట్ల పోయింది, ఎట్ల మలిగింది అని. ఇయ్యాల పొద్దుగాల మొదటిది కుట్టిన. రెండు గంటలు పట్టింది. ఊపితే చప్పుడైంది. ఇప్పిన. మల్ల కుట్టిన. వేళ్లకు మూడు కాడ దిగింది దబ్బనం. కౌంటర్ల సారు నా కుట్టు సూసిండు, నా మొఖం సూసిండు, తీసుకోని రసీదు కొట్టిండు.

లైను తీస్తలేనన్నా. ఇంకో ముచ్చట గూడ ఇను. కుట్టు కూలి ఇగ సగమే తీసుకుంట. నా కుట్టు ఆమె కుట్టుల సగం గూడ లేదు గావట్టి. నిజానికి సగం గూడ ఎక్కువే. ఆమె తీరుగ కుట్టుడస్తె అప్పుడు పూరా తీసుకుంట, ఆ దినం గ్రూపుల నేనే పెడత. అప్పటిదాక నవ్వేటోళ్లు నవ్వుండ్రి, గని సగం గుర్తుపెట్టుకోండ్రి.

ఇంకా చెప్పేది ఉండె, ఆమె పాట పాడే తీరు, ఆటోల ఎప్పుడు ముందల్నే కూసునుడు. గని ఒక పెద్దాయన సంచి పట్టుకొని నా ముంగట నిలవడ్డడు. సంచిల్నుంచి కొత్త బెల్లం వాసనొస్తుంది. కుట్టేటామె ఎటు వోయింది అని అడుగుతుండు. నేను ఇంకా నోరే తెరవలే, నీకస్తదా అంటుండు. చెప్పులు ఇడిశి, గోడకు ఆనుకొని కూసున్నడు గూడ. పోవాలెనన్నా.